పప్పా ఓటు

మేడమ్ మళ్ళీ కాదంది.

పప్పా గుండె బలహీనంగా ఉందని, మే నెల ఎండకు తట్టుకోలేడని, ఓటు వేయకపోతే కొంపలేమీ మునగవని చెప్పింది. చెప్పి, హాల్లో కర్టెన్లు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.

పప్పా ఆమె కన్నతండ్రి. ఆఫ్రికా మనిషి. ఎనభై దాటాయి. షార్జాలోని ఆ విల్లాలో ఆయనకు మందులు, స్నానం, తిండి అన్నీ చూసుకునే నర్సు ఫేబా. రాజోలు పిల్ల. పప్పా వాళ్ళ దేశంలో ఎన్నికలు వచ్చాయి. ఇక్కడ ఉంటున్నవాళ్ళు వచ్చే శనివారం దుబాయ్‌లోని తమ కాన్సులేట్‌లో ఓటు వేయవచ్చు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ ముసలాయన మంచం మీద నిలవడం లేదు. ఫేబా ఫోన్ అడిగి తీసుకుని, తన పేరు తనే నమోదు చేసుకున్నాడు.

“నన్ను తీసుకెళ్ళు సిస్టర్,” అన్నాడు ఇంగ్లీషులో. “చచ్చేలోగా ఒక్కసారి.”

ఆ ఇంట్లో కిటికీలు తెరవరు. చుట్టాలు రారు. గేటు మీద కెమెరా. ఆసుపత్రికి తప్ప పప్పా గడప దాటడానికి లేదు. ఆయన్ను కనిపెట్టుకుని ఉండే ఫేబాకూ లేదు. ఆదివారం చర్చి కూడా ఫోన్‌లోనే. ఆమె పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. ఆస్తి కోసమే కన్నతండ్రిని ఇలా కట్టిపడేసిందని ఫేబా అనుమానం.

షార్జాలోనే రోలాలో ఉండే స్నేహితురాలు ప్రేమకుమారికి ఫోన్ చేసి, పప్పాను దొంగచాటుగా ఓటుకు తీసుకెళ్ళాలన్న తన ఆలోచన చెప్పింది.

“నీకెందుకే ఆ గొడవంతా? ఆవిడే నీ కఫీల్, నీ వీసా ఆవిడ చేతిలోనే ఉంది. తెలిసిందంటే ఖలాస్. మర్నాడే విమానం ఎక్కించేద్ది.”

“తెలుసే. కానీ ఆయన్ని చూత్తంటే మా తాతయ్య గుర్తొత్తన్నాడు. బోనులో పెట్టినట్టుందే మనిషిని.”

శనివారం ఫిజియోథెరపీ ఉందని ఫేబా అబద్ధం ఆడింది. డ్రైవర్ హిదాయతుల్లా ఇద్దర్నీ ఆసుపత్రి ముందు దించాడు. ముందు తలుపులోంచి లోపలికి వెళ్ళి, వెనక తలుపులోంచి బయటికి వచ్చి టాక్సీ ఎక్కారు. దుబాయ్ చేరేదాకా ఫేబా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. పప్పా మాత్రం టోపీ సర్దుకుని, బడికి వెళ్ళే పిల్లవాడిలా కూర్చున్నాడు.

కాన్సులేట్ ముందు క్యూ రోడ్డు దాకా ఉంది. వీళ్ళు దిగగానే అక్కడ మాటలు ఆగిపోయాయి. లోపలి నుంచి ఎవరో అధికారి కుర్చీ తెచ్చి వేశాడు. పప్పా వద్దన్నాడు. చేతికర్ర మీద బరువు వేసి అందరికీ వెనక నిలబడ్డాడు. కొందరు ఫోన్లతో ఫోటోలు తీశారు. మన దగ్గర కూడా పండు ముసలివాళ్ళు ఓటుకు వస్తే పేపర్లో ఫోటో వేస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకుంది ఫేబా.

ఇంతలో ఒకావిడ క్యూ వదిలి వచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది. వాళ్ళ భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పప్పా టోపీ తీసేసి, తల వంచుకుని, ఆవిడ ముగించేదాకా కదలకుండా విన్నాడు. భాష రాని ఫేబా, ఈయన్ను చూసి ఆవిడకు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడేమో అనుకుంది.

లోపల గుర్తు ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు. అడిగి చెప్పించుకున్నాడు. బయటికి వచ్చేసరికి వేలికి సిరా, కళ్ళలో నీళ్ళు.

తిరుగు టాక్సీలో ఉండగా మేడమ్ ఫోన్ చేసింది. క్యూలో తీసిన ఫోటో అప్పటికే ఆమె దాకా వచ్చిందట. అరవలేదు. వీసా కేన్సిల్ చేస్తున్నానని, రేపే టికెట్టని, సామాను సర్దుకోమని చెప్పి పెట్టేసింది.

రాజోల్లో ఇంట్లోవాళ్ళకు ఏమని చెప్పాలో ఫేబాకు తోచలేదు. తర్వాత పక్కకు చూసింది. పప్పా తన వేలిని చూసుకుంటున్నాడు. ఉద్యోగం పోతే పోయింది, ఓ ముసలి ప్రాణం కోరిక తీరింది అనుకుంది.

“ఇదేనా పప్పా, మీ మొదటి ఓటు?”

“ఇదే.”

“అయితే మీ దేశంలో ఎన్నికలే ఉండేవి కావా?”

“లేవు. కావాలన్నవాళ్ళను జైల్లో పెట్టేవారు. ఇందాక ఏడ్చిందే, ఆవిడ తండ్రి ఆ జైల్లోనే పోయాడు.”

ఫేబా మనసు చివుక్కుమంది. “అంత పాపం చేసింది ఎవరు పప్పా?”

ముసలాయన సిరా వేలిని రెండో చేత్తో కప్పుకుని, “నేనే సిస్టర్, దేశాధ్యక్షుడిగా ఉన్నన్నాళ్ళూ,” అన్నాడు.