ఉల్టా ఫ్యాన్లు

కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

శ్రీశైలం టేబుల్ మీద దబ్బున గుద్దాడు.

వనపర్తిలో అతనిది పెళ్లి వీడియోల స్టూడియో. పనిలో దిట్ట, కోపంలో అంతకు మించిన దిట్ట. ఆ సాయంత్రం ఏడింటికి గద్వాలలో చంద్రశేఖర్ కూతురి రిసెప్షన్. పెళ్లి వీడియోను పెద్ద తెర మీద వేయాలి. కాలు విరిగి పెళ్లికి రాలేకపోయిన నాయనమ్మ బాలమ్మను, అది చూపించడానికే చక్రాల కుర్చీలో తీసుకొస్తున్నారు.

"మా అమ్మ సంబురమంత నీ చేతుల్నే ఉంది" అని చంద్రశేఖర్ మరీ మరీ చెప్పాడు.

వీడియో తయారవ్వాలంటే కంప్యూటర్ గంటన్నర ఆగకుండా నడవాలి. అదేమో ఇరవై నిమిషాలకే వేడెక్కి చచ్చి ఊరుకుంటోంది.

ఆ కంప్యూటర్‌ను బిగించిన జోసెఫ్ హైదరాబాదులో ఉంటాడు. అతనికి ఫోన్ కొట్టాడు.

"ఏందిర జోసెఫ్, నీళ్లతోటి సల్లబడే మిషన్ అంటివి. అండ్ల నీళ్లు పోసినవా, నిప్పులు పోసినవా?"

"పరేషాన్ గాకు అన్నా. డబ్బా పైన రెండు ఫ్యాన్లున్నయ్ గదా, గాలి ఎటు కొడుతున్నయ్? నీళ్లు మోసుకొచ్చిన వేడిని అవి పైకి ఊదాలె."

శ్రీశైలం ఒక్క క్షణం తడబడ్డాడు.

అసలు సంగతేమిటంటే, ఆ డబ్బాకు పైనున్న గూట్లో శ్రీరంగాపూర్ రంగనాయక స్వామి పటం ఉంది. ఫ్యాన్లు పైకి ఊదే గాలికి దీపం ఆరిపోయేది. దుకాణంలో దీపం ఆరితే అరిష్టమని, నెల కింద ఎవరినో పిలిపించి ఫ్యాన్లను తిరగేయించాడు. అప్పటినుంచి అవి పైగాలిని లోపలికి లాగుతున్నాయి. దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

ఆ మాట ఒప్పుకుంటే పరువేం కాను?

"నువ్వు పెట్టినట్టే ఉన్నయ్" అని కసిరాడు.

"సరే అన్నా. జర ఆగు" అని జోసెఫ్ ఫోన్ పెట్టేశాడు.

రెండు గంటలు గడిచాయి. శ్రీశైలం లేచి, గూట్లో దేవుడికి ఇంకో నాలుగు అగరుబత్తులు ముట్టించి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

గుమ్మంలో ఒక ముసలామె నిలబడింది. వెలిసిపోయిన చీర, చేతిలో బట్ట సంచి, అరచేతుల నిండా కాయలు.

"ఫొటోలు ఇయ్యాల దియ్యం. రేపు రా" అన్నాడు తలెత్తకుండానే.

"ఫొటో కాదు సారు..."

మాట సగంలో ఆపి ఆమె గూటివైపు చూసింది. అగరుబత్తుల పొగ పైకి పోవడం లేదు. కిందికి వంగి, డబ్బా నెత్తిలోకి దూరిపోతోంది.

"సారూ, పొగ కిందికి పోతుంది. నీ ఫ్యాన్లు ఉల్టా ఉన్నయ్."

మౌస్ మీద శ్రీశైలం చెయ్యి ఆగిపోయింది.

"ఇటుక బట్టీల గూడ గంతే. గాలి ఉల్టా కొడితే వేడి బయటికి పోదు. ఆ ఫ్యాన్ల మీది జాలీ జూడు, దీపం నూనె మసి ఎట్ల పట్టిందో. అది తుడిచి, ఫ్యాన్లు తిప్పి పెట్టు. ఆ దీపం జర పక్కకు జరిపితే..."

దీపం మాట వినగానే అతని కోపం నషాళానికంటింది. తను దాచిన తప్పును దారిన పోయే మనిషి పట్టేసింది! ఆమె మెడలో నల్లదారానికున్న చిన్న సిలువ అప్పుడే కంటబడింది.

"మా దేవుని దీపం జరపమనేతందుకు నువ్వెవతెవు?"

"ఆర్పమంటలేను నాయినా. పక్క గూట్ల పెట్టుకొమ్మంటున్న. పది నిమిషాల పని."

"ఇటుకలు మోసేదానివి, నాకు కంప్యూటర్ నేర్పుతవా? నడువు బయటికి!"

"ఒక్క మాట ఇను సారు. నన్ను..."

"నడువమన్ననా లేదా!"

ఆమె చేతిలోని సంచి లాక్కుని మెట్ల మీదికి విసిరాడు. అందులోని పల్లికాయలు రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. ఆమె వాటిని ఏరుకోలేదు. ఖాళీ సంచి దులుపుకుని, అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"మిషనే నయం. వేడెక్కితే ఊకుంటది" అని బస్టాండు వైపు నడిచింది.

ఆమె పోయాకైనా ఫ్యాన్లు తిప్పొచ్చు. స్క్రూడ్రైవర్ చేతికందే దూరంలోనే ఉంది. కానీ ఆమె చెప్పింది చేస్తే ఓడిపోయినట్టే కదా! పంతం కొద్దీ కిటికీలన్నీ బార్లా తెరిచి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు.

మళ్లీ ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగింది.

ఏడు దాటింది, ఎనిమిదయింది. గద్వాల ఫంక్షన్ హాల్లో బాలమ్మ ఖాళీ తెరకేసి గంటసేపు చూసి, "నా కండ్లే కనిపిస్తలేవా బిడ్డా?" అని కొడుకునడిగిందట. చంద్రశేఖర్ ఫోన్లోనే తిట్టాల్సినవన్నీ తిట్టి, "మల్ల నా గడప తొక్కకు" అన్నాడు.

తిట్లు తిన్న మంట ఎవరిమీదో ఒకరిమీద తీర్చుకోవాలి. జోసెఫ్‌కు ఫోన్ చేశాడు.

"నా కొంప ముంచినవ్ కదర! పొద్దట్నించి ఒక్క మనిషినన్న పంపకపోతివి!"

"పంపిన అన్నా. ఫ్యాన్ల సంగతి అడిగితే నువ్వు తడబడ్డవ్, గందుకే అనుమానమొచ్చి మీ పక్కనున్న పెద్దమందడి నుంచి మనిషిని పంపిన. ఫ్యాన్లు ఉల్టా ఉన్నయని చెప్పలేదా?"

శ్రీశైలం తలెత్తి గూట్లో నిక్షేపంగా వెలుగుతున్న దీపం వైపు చూశాడు.

"'చెప్పిన, గని సారు జర కోపం మీదున్నడు' అని మాత్రం నాతోటి అన్నది."

"ఎవరు... ఎవర్ర ఆమె?"

అవతలి నుంచి జోసెఫ్ నెమ్మదిగా అన్నాడు.

"సదువు రాకున్నా, బట్టీ కాడ పొగను జూపెట్టి గాలి ఎటు పోతదో నాకు నేర్పిన ఉస్తాద్ అన్నా ఆమె, మా అమ్మ రూతమ్మ."