హామిల్టన్ ఆఫీసు తెరిచే ఉంది

"నాలుగింటికి ఆఖరి విమానం. మనవాళ్లందరూ అందులో ఉండాలి," అన్నాడు లండన్ నుంచి వచ్చిన చైర్మన్ వెదర్బీ.

"మీరు వెళ్లండి సార్. మేం ఉంటాం," అంది వెర్నా లైట్‌బోర్న్.

హామిల్టన్ ఆఫీసుకు ఆమే అధిపతి. బీమా కంపెనీలకే బీమా ఇచ్చే వ్యాపారం వాళ్లది. టోక్యోలో భూమి కంపించినా, ఫ్లోరిడాలో ఇళ్ల కప్పులు లేచిపోయినా అక్కడి కంపెనీలు ముందు ఈ బెర్ముడా ద్వీపానికే ఫోన్ చేస్తాయి. ఇప్పుడు తుఫాను ఆ ద్వీపం మీదికే వస్తోంది.

వెదర్బీకి ఒళ్లు మండింది. ఆఫీసును లండన్‌కు తరలించాలని డైరెక్టర్లు ఏడాదిగా పట్టుబడుతున్నారనీ, రేపటిలోగా ఒక్క ఫోనుకు జవాబు రాకపోయినా తానూ వాళ్లతో గొంతు కలుపుతాననీ తేల్చి చెప్పాడు.

"ఎవరి మీద తుఫాను వచ్చినా మాదే పూచీ అని సంతకాలు పెట్టాం. మన మీదికి వచ్చేసరికి పారిపోతే, ఆ సంతకాన్ని ఎవరు నమ్ముతారు?" అంది వెర్నా నెమ్మదిగా.

ఆ మాట విన్నాక విమానం ఎక్కడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

వెర్నా సిబ్బందిని ఇళ్లకు పంపేసి, ఆయన్నీ, ఆఫీసు శాటిలైట్ ఫోన్‌నూ ద్వీపం పడమటి కొసనున్న సోమర్సెట్‌లోని తన ఇంటికి తీసుకెళ్లింది. పొద్దు వాలకముందే గాలి అందుకుంది. సముద్రం ఎగిరొచ్చి కిటికీ చెక్కలను బాదింది. కప్పు ఎగిరిపోతుందేమోనని వెదర్బీ మాటిమాటికీ పైకి చూస్తున్నాడు. వెర్నా మాత్రం ఉప్పుచేప, బంగాళాదుంపలు ఉడికించి, అరటిపండు ముక్కలతో ఆయనకు వడ్డించింది. మధ్యమధ్య ఫోన్ ఎత్తి మ్యూనిక్‌కూ టోక్యోకూ ఒకటే మాట చెప్పింది: "తెరిచే ఉన్నామండీ."

తెల్లారేసరికి వీధి నిండా చెట్లు కూలి ఉన్నాయి. వెర్నా ఇంటి తెల్లరాతి కప్పు మీద ఒక్క పలక కూడా కదల్లేదు. ఒక్క ఫోనూ జవాబు లేకుండా ఆగిపోలేదు.

వెదర్బీ వట్టికాళ్లతో బయటికొచ్చి ఆ కప్పును చాలాసేపు చూశాడు. ఆఫీసు ఇక్కడే ఉంటుందనీ, డైరెక్టర్లకు ఆ మాట తానే చెబుతాననీ అన్నాడు. వెర్నాకు గుండె నిండిపోయింది.

"ఇలాంటి ఇల్లు దొరకడం ఏ బీమా కంపెనీకైనా అదృష్టమే. ఇంతకీ దీనికి బీమా ఎవరి దగ్గర చేయించారు?" అని అడిగాడాయన.

వెర్నా ఆయన్ని వింతగా చూసింది.

"మా తాత కట్టిన ఇల్లండీ ఇది. దీనికి బీమా దేనికి?"