డ్రైవింగ్ మాస్టారి కారు

“ఏమే, దిగి ఇటొచ్చి స్టీరింగు ముందు కూర్చో. తొందరగా,” అన్నాడు బెంజిమిన్.

“నాకెందుకండీ స్టీరింగు?” అంది ఆయన భార్య ఫిలోమినా.

“ట్రాక్టరు వస్తంది. బండి నేను దించానని తెలిస్తే నరసరావుపేటలో మళ్లీ తలెత్తుకు తిరగలేను. నువ్వు నేర్చుకుంటా దించావని చెబుదాం.”

తలెత్తుకోలేకపోవడానికి కారణం కారు నెత్తి మీదే ఉంది. ‘బెంజిమిన్ మోటార్ డ్రైవింగ్ స్కూల్’ అని ఎర్రక్షరాల బోర్డు. ఆ బోర్డుతో సహా కారు నకరికల్లు అవతల డొంకదారిలో, నల్లరేగడి బురదలో, ముందు చక్రాలు సగందాకా దిగబడి నిలబడిపోయింది. వానకి నానిన డొంక, వద్దండీ అని ఫిలోమినా అననే అంది. ఎవరికి చెబుతున్నావని ఆయన ఇంకాస్త తొక్కాడు.

ఫిలోమినా దిగింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పిక్కల్లోతు బురదలో కారు చుట్టూ తిరిగి వచ్చింది. ఆయన మాత్రం బూట్లకి మట్టి అంటకుండా, గేరు రాడ్డు మీదుగా నానా తిప్పలు పడి పక్క సీట్లోకి జరిగాడు.

ట్రాక్టరు జాన్ సాహెబ్‌ది. వెనక ట్రక్కులో మిరప చేలో కలుపు తీసి వస్తున్న ఆడకూలీలు. జాన్ సాహెబ్ కారు మీది బోర్డు కూడబలుక్కుని చదివి దిగాడు.

“ఏంది మాస్టారూ, మీరే దిగబడితే ఇంక మా సంగతేంది?”

“నేను కాదన్నా. మా ఆవిడ. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటంది.”

ట్రక్కులో కిసుక్కున నవ్వారు. “ఆడోళ్ల చేతికిస్తే ఇంతేలే,” అంది వాళ్లలోనే ఒకామె. ఫిలోమినా ముందు అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

జాన్ సాహెబ్ కిటికీలోంచి తొంగిచూశాడు. “స్కూలు బండికి మీ పక్కన కూడా బ్రేకు ఉంటదిగా. మరి మీరేం చేస్తన్నారు, కునుకు తీస్తన్నారా?”

బెంజిమిన్ ముఖం మాడిపోయింది. బూట్లకి మట్టి అంటకుండా తనవైపున్న గట్టు మీదికి దిగాడు.

జాన్ సాహెబ్ గొలుసు తెచ్చి బంపరుకి చుట్టబోయేసరికి ఆయనలోని మాస్టారు మేలుకున్నాడు. “బంపరుకొద్దన్నా, బంపరే ఊడొస్తది,” అని డిక్కీలోంచి లాగుడు బెల్టు తీశాడు. గట్టు మీంచే వంగి బంపరులో చిన్న మూత ఊడదీసి, లోపల కొక్కెం బిగించి, బెల్టు దానికి తగిలించాడు. రెండో కొస ట్రాక్టరు కొక్కేనికి వేయించాడు. చక్రాల ముందు బురద పారతో తీయించాడు. తడి గోనెసంచి ఒకటి అడిగి తీసుకుని బెల్టు నడిమధ్యన కప్పించాడు.

“ఇదెందుకు మాస్టారూ?”

“బెల్టు తెగితే ఎగిరొచ్చి కొట్టుద్ది. ఈ బరువుకి కింద పడుద్ది. అమ్మా, మీరంతా దిగి దూరంగా చేలోకి పొండి. అన్నా, నువ్వు కుదపొద్దు. బెల్టు బిగిసిందాకా నిదానంగా పోనిచ్చి, అప్పుడు లాగు.”

చెప్పినట్టల్లా అందరూ చేస్తుంటే పోయిన పరువు కాస్త వెనక్కి వచ్చినట్టనిపించింది.

“అయితే మీరు పక్కన దూరంగా ఉండి నాకు చెయ్యి చూపియ్యండి,” అన్నాడు జాన్ సాహెబ్ ట్రాక్టరెక్కి. “స్టీరింగు అమ్మ పట్టుకుంటదిగా.”

బెంజిమిన్ అన్నీ పద్ధతిగా చేశాడు, స్టీరింగు ముందు మనిషి సంగతే మరిచాడు. బెదిరి మధ్యలో బ్రేకు తొక్కిందా, బెల్టు తెగుతుంది. గట్టి నేల మీదికొచ్చాక తొక్కలేదా, పోయి ట్రాక్టరుకి గుద్దుకుంటుంది. నేర్పమని అడిగినప్పుడల్లా నీవల్ల కాదని కొట్టిపారేసింది తనే.

కిటికీ దగ్గరికి వంగాడు. “దిగవే. నేను కూర్చుంటా.”

“ఇప్పుడు దిగితే మీ పరువు పోదూ?”

“కడుపునొప్పని చెప్పు.”

“నాకే నొప్పీ లేదండీ.”

అవతల జాన్ సాహెబ్ కేకేస్తున్నాడు. బెంజిమిన్ దూరంగా పోయి చెయ్యెత్తాడు. ట్రాక్టరు కదిలింది. బెల్టు బురదలోంచి మెల్లగా పైకి లేచింది. ఎండిన మట్టి కాళ్లతో, కిసుక్కున నవ్విన అంతమంది ముందు తన తప్పు మోస్తూ కూర్చున్న ఆమెను చూశాడు. మట్టి అంటని తన బూట్లు చూసుకున్నాడు. చచ్చేంత సిగ్గేసింది.

“ఆపన్నా,” అని రెండు చేతులూ ఊపాడు. “ఆమెకి డ్రైవింగ్ రాదు. బండి దించింది నేనే. అబద్ధం చెప్పా.”

ట్రాక్టరు ఆగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది బెంజిమిన్‌కి. ఇందాక మాటన్నామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తలదించుకుంది. ఆయన తల అంతకన్నా కిందికి వాలిపోయింది.

“ఇంక దిగవే,” అన్నాడు కారు దగ్గరికొచ్చి.

ఫిలోమినా దిగలేదు. “మీరు ఆ బెల్టుకి దూరంగా జరగండి,” అని, తల బయటపెట్టి, “అన్నా, పోనీయ్,” అంది.

కారు ఇంజిను స్టార్టు చేసింది. చక్రాలు తిన్నగా పెట్టి, ఫస్ట్ గేరులో, ట్రాక్టరు లాగుడుకి తగ్గట్టు కొద్దికొద్దిగా యాక్సిలరేటరు తొక్కింది. కారు బురద వదిలి గట్టి నేల ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే బ్రేకు నిదానంగా పట్టింది. న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజిను ఆపి దిగింది.

“మాస్టారూ, రాదంటిరి?” అన్నాడు జాన్ సాహెబ్.

బెంజిమిన్ బూట్లతోనే బురదలో పడి వచ్చాడు. “ఎవరు నేర్పారే నీకు?”

ఫిలోమినా తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

“మనకి ఎదురుగా ఇంకో స్కూలుందిగా, అక్కడే. మీ భార్యనని చెప్తే ఫీజు కూడా వద్దన్నారండీ.”