కొలత తగ్గని సినిమా

"మా దుకాణంల చీర కొన్న ఆడోళ్లు ఇంటికి పోయి కొలుసుకుంటరు మహేందర్. ఇరవై ఆరేండ్ల సంది ఒక్క చీర వాపస్ రాలే," అన్నాడు బాలనర్సయ్య, చేతిలోని మీటరు కట్టెతో మహేందర్ భుజం మీద తట్టి. "సినిమా గూడ గట్లనే ఉండాలె."

"ఎంతుండాలె సేటూ?"

"రెండు గంటల పది నిమిషాలు. థియేటరాయన గదే చెప్పిండు. నిమిషం తగ్గినా రిలీజ్ చెయ్య. మూట గట్టి అటక మీద పడేస్త."

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపే బాలనర్సయ్యను సినిమా పురుగు ఈ మధ్యే కుట్టింది. మహేందర్‌ది మాత్రం పాత జబ్బు. ఎనిమిదేళ్లుగా యూట్యూబ్‌కు జానపద పాటలు తీస్తున్నాడు. ఒక్కో పాట నాలుగు నిమిషాలు. ప్రతి పాటలో అమ్మాయి జడ విసిరి స్లో మోషన్‌లో వెనక్కి తిరగాల్సిందే. తనకు కోట్లలో వ్యూస్ వచ్చాయంటే ఆ తిరుగుడు వల్లేనని అతని గట్టి నమ్మకం. అయితే ఏం లాభం? ఎల్‌బీ నగర్‌లో ఉండే మామ మట్టయ్య నలుగురిలో "మా అల్లుడు, పాటలు తీస్తడు" అంటాడు, అదేదో బావిలో పూడిక తీసే పని అన్నట్టు. ఆ మామ నోటితో ఒక్కసారి "సినిమా డైరెక్టర్" అనిపించుకోవాలి. మహేందర్‌కు జీవితంలో ఇంకో కోరిక లేదు.

"ఇంకో మాట," అన్నాడు బాలనర్సయ్య. "గుడ్డను గుంజి కొలిచేటోడు దొంగ. నా దగ్గర గసొంటి యాపారం నడవది."

"నా సినిమాల ఒక్క షాట్ దండుగ పోదు సేటూ."

కథ చెప్పాడు. నల్లగొండ నుంచి పట్నం వచ్చిన కుర్రాడు, చెరువు కట్ట మీద అమ్మాయి, ఆమె అన్నలతో కొట్లాట, చివర్లో తల్లి చావు. బాలనర్సయ్య తువ్వాలతో రెండుసార్లు కళ్లు తుడుచుకుని, మూడోసారి దాంతోనే ముక్కు తుడుచుకున్నాడు.

మొదటి రోజు షూటింగ్ సరూర్‌నగర్ చెరువు కట్ట మీద. హీరోయిన్ అలేఖ్య. మహేందర్ తీసిన పదకొండు పాటల్లో చేసినా ఆమె ఇంతవరకు ఒక్క మాట మాట్లాడి ఎరగదు. అందుకే మూడు పేజీల డైలాగు బట్టీ పట్టి వచ్చింది.

"అన్నా, పొద్దటి సంది తిరుగుతనే ఉన్న. నా డైలాగ్ ఎప్పుడు?"

"తిరిగినంక."

"ఇప్పటికి నలభై సార్లు తిరిగిన."

"ముందు మంచిగ తిరుగు. డైలాగ్ ఏడికి పోదు."

నలభై రోజులనుకున్న షూటింగ్ తొమ్మిది రోజుల్లో అయిపోయింది. బాలనర్సయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చీరకంటే ముందు ఆ సంగతే విప్పి చూపించాడు.

కొత్తపేటలోని ఎడిటింగ్ గదిలో సాయినాథ్ అన్నీ అతికించి చూశాడు.

"అన్నా, మొత్తం కలిపితే పది నిమిషాలు."

"పదా?" మహేందర్ ముఖం చిట్లించాడు. "మస్తు లెంత్ అయింది. జర కొయ్యాలె."

"అన్నా, ఇది పాట కాదు. సినిమా."

మహేందర్ కుర్చీలో కూలబడ్డాడు. ఎనిమిదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? కొట్లాట ఇరవై సెకన్లు తీశాడు. తల్లి చావు పన్నెండు. హీరో నల్లగొండ నుంచి పట్నం రావడానికి నాలుగు సెకన్లు సరిపోయాయి.

ఫోన్ మోగింది. సేటు.

"ఎంతొచ్చింది మహేందర్?"

"కొలుస్తున్నం సేటూ."

మహేందర్ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ షూటింగ్ అంటే సేటుకు నిజం చెప్పాలి. చెబితే మూట, అటక. మామ ముఖం గుర్తొచ్చి మహేందర్‌కు ఏడుపు వచ్చినంత పనైంది.

"ఇప్పుడెట్లన్నా?" అన్నాడు సాయినాథ్.

"పరేషాన్ గాకు. జర సరిచేస్తే అయిపోతది. తలుపెయ్యి."

మూడో రోజు సాయినాథ్ నుదుటికి జండూబామ్ రాసుకుని బయటికొచ్చాడు. మహేందర్ వెంటనే సేటుకు ఫోన్ కొట్టాడు.

"రెండు గంటల పది నిమిషాలు సేటూ. సెకను తక్కువ లేదు."

"శభాష్ బిడ్డా."

ప్రివ్యూకు పోచంపల్లి నుంచి బాలనర్సయ్య చుట్టాలు మూడు వరుసలు నిండేలా దిగారు. అలేఖ్య తల్లిని వెంటబెట్టుకుని ముందే వచ్చి కూర్చుంది, తన డైలాగు ఎక్కడొస్తుందో ఆమెకు చెబుతూ. మట్టయ్య కొత్త చొక్కా తొడుక్కుని, పక్క సీటు ఆయనను మోచేత్తో పొడిచి, "గాయన మా అల్లుడు. సినిమా డైరెక్టర్," అన్నాడు. మహేందర్‌కు కళ్లు నిండిపోయాయి. ఇంక ఏమైనా ఫర్వాలేదనిపించింది.

దీపాలు ఆరిపోయాయి. తెర మీద సరూర్‌నగర్ చెరువు కట్ట. కెమెరాకు వీపు పెట్టి నిలబడ్డ అలేఖ్య. గాలికి స్లో మోషన్‌లో ఊగుతున్న జడ.

"సల్లగుంది," అన్నాడు బాలనర్సయ్య మెచ్చుకోలుగా. వాచీ చూసి టైము గుర్తుపెట్టుకున్నాడు. "పిల్ల మొఖం ఎప్పుడు కనబడ్తది?"

"ఇగో, తిరుగుతుంది సేటూ."

ఇంటర్వెల్ పడేసరికి అలేఖ్య సగమే తిరిగింది.