గడియ అవతల

తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడికి తను ఉలిక్కిపడింది.

ఇది నాటకమే. మంట లేదు. మూలన పొగ కక్కుతున్నది మాస్టారు అద్దెకి తెచ్చిన మిషను. యూనిఫాం చంకల దగ్గర బిగుసుకుంటోంది. రెండు జడలూ చెమటకి మెడకి అంటుకుపోయాయి.

ఆర్నెల్ల కిందట ఈ స్కూల్లో ల్యాబ్ అంటుకుంది. అందర్నీ బయటికి పంపి, తలలు లెక్కపెట్టి, పొగ వరండాలోకి రాకుండా తలుపుకి గడియ పెట్టడం క్లాసు లీడరు పని. ఆ కంగారులో లీడరు ఒకర్ని రెండుసార్లు లెక్కపెట్టింది. గడియ పెట్టేసింది. లోపల ఒక పిల్ల ఉండిపోయింది.

అప్పట్నుంచి లీడరు ఏ గడియా ముట్టుకోలేదు. ఇంట్లో బాత్రూం తలుపు కూడా ఊరికే దగ్గరికి వేసుకుంటుందట.

అందుకే మాస్టారు ఈ నాటకం పెట్టారు. ఇందులో లీడరు వెనక్కొచ్చి గడియ తియ్యాలి. లోపలుండే పిల్ల వేషానికి క్లాసులో ఒక్కరూ ముందుకు రాలేదు. తనే అడిగి తీసుకుంది.

ఇప్పటికి రెండుసార్లు లీడరు తలుపు దాకా వచ్చి పారిపోయింది.

తను తలుపు బాదింది. "ఎవరైనా ఉన్నారా?"

బయట ఎవరో పిల్ల అంటోంది. "ఈసారీ పరుగెత్తావంటే నీ చెప్పులు దాచేస్తానే!"

"నువ్వు నోర్ముయ్యవే." అది లీడరు గొంతు. అడుగులు దగ్గరికొచ్చి ఆగిపోయాయి. "నావల్ల కాదు మాస్టారూ. తీశాక ఏ మొహం పెట్టుకుని ఎదురుగా నిలబడను?"

పొగ దట్టమైంది. చేతులు కూడా కనబడటం లేదు. చివర్లో ఇలాగే ఉండి ఉంటుందా? ఎంతసేపు? తనకి ఊపిరి అందలేదు. ఆపెయ్యమని ఒక్క కేక వేస్తే మాస్టారే వచ్చి తీస్తారు. కానీ లీడరు ఇంకెప్పటికీ తియ్యదు.

కేకని గొంతులోనే నొక్కేసుకుంది. మళ్ళీ తలుపు బాదింది.

"నేనిక్కడే ఉన్నాను. నువ్వే తియ్యి. నువ్వు తీస్తేనే వస్తాను."

అడుగులు మళ్ళీ కదిలాయి. తర్వాత ఇనుము కిర్రుమంది.

వెలుతురు కళ్ళలో కొట్టింది. గడప మీద లీడరు మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కుతోంది.

వంగి, ఆ చేతులు విడదీసి, లీడర్ని గుండెలకి హత్తుకుంది, ఆ రోజు ఆ గదిలోంచి తిరిగి రాని పిల్ల తల్లి.