ఊదకూడని నోరు

ఆరోగ్యమ్మకు మొగుడు లూయిస్‌తో వచ్చిన చిక్కల్లా ఆయన వేళ్లతోనే. కుడిచేతి మూడు వేళ్లు ఒకచోట ఊరుకోవు. కాఫీ గ్లాసు మీద, కుర్చీ చేతి మీద, చివరికి చర్చిలో ముందు బెంచీ మీద కూడా టకటకలాడుతూనే ఉంటాయి. పదకొండేళ్లుగా ఇదే వరస.

అంతకుముందు ఆ వేళ్లకు పనుండేది. యానాంలో ఏ పెళ్లి ఊరేగింపూ లూయిస్ ట్రంపెట్ లేకుండా కదిలేది కాదు. పెళ్లిళ్ల సీజన్లో మనిషి ఇంటి మొహం చూసేవాడు కాదు. చూసినా, తాగిన మైకంలో తిన్నగా నిలబడి చూసేవాడు కాదు.

తర్వాత పైదవడలో కుడివైపు రెండు పళ్లు పోయాయి. కాకినాడలో పళ్ల డాక్టరు హేమశ్రీ ఎక్స్‌రే తీసింది. అక్కడ ఎముక పల్చబడిందని, దాని పైనే సైనస్ అనే గాలి గది ఉందని, ఆ గది నేలను కాస్త పైకెత్తి కింద ఎముక పొడి నింపితే గానీ ఎముకలో బిగించే ఇంప్లాంట్ పళ్లు నిలబడవని చెప్పింది. అలాగే చేసింది. ఆపరేషన్ అయ్యాక లూయిస్ నోటి నిండా దూదితో లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. అందుకని జాగ్రత్తలన్నీ ఆరోగ్యమ్మే విని, ఇంటికొచ్చాక అప్పజెప్పింది. ముక్కు చీదకూడదట. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలట. కొబ్బరి బొండాం స్ట్రాతో తాగకూడదట. ట్రంపెట్ ఊదితే ఆ గది నేల చిరిగి, పళ్లు ఊడి చేతిలోకొస్తాయట.

లూయిస్ ఆ రోజే ట్రంపెట్‌ని పాత దుప్పట్లో చుట్టి అటకెక్కించాడు. మళ్లీ దించలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఇంట్లో ఉండేవాడు. కూరలు కూడా తరిగేవాడు. ముక్కలు చిన్నాపెద్దా అయినా ఆరోగ్యమ్మ ఏమీ అనేది కాదు.

ఏటా పరీక్షకు ఇద్దరూ వెళ్లేవారు. నోరు ఆయన తెరిచేవాడు, మాటలు ఆవిడ చెప్పేది.

మొన్న జేవియర్ పోయాడు. బ్యాండులో ముప్ఫై ఏళ్లు లూయిస్ పక్కన డ్రమ్ము వాయిస్తూ నడిచిన మనిషి. సమాధుల దగ్గర్నుంచి తిరిగొచ్చిన లూయిస్ అన్నం ముట్టలేదు.

“పెట్టె గోతిలోకి దించుతుంటే ఉండబట్టలేకపోయానే. మన బ్యాండు కుర్రాడు అమ్మిరాజు చేతిలో ట్రంపెట్ లాక్కుని ఒక్క పాట ఊదేశాను.”

తిడితే ఆయనకు కాస్త తేలికపడేది. ఆరోగ్యమ్మ తిట్టలేదు. కంచం తీసేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి లూయిస్ నాలుక ఆ రెండు పళ్లనే తడుముతోంది. జావ తప్ప ఏదీ ముట్టడు. అదీ ఎడం పక్కనే. డాక్టరమ్మ పదకొండేళ్ల కష్టం ఒక్క పాటకి మట్టి చేశానంటాడు. వెళ్లి ఒప్పేసుకుంటానంటాడు. పళ్లు కదలడం లేదు కదా, ఆవిణ్ణెందుకు ఇబ్బంది పెట్టడం అని ఆరోగ్యమ్మ మూడు రోజులు ఆపింది. నాలుగో రోజు ఆయన చెప్పులేసుకున్నాడు. తప్పక ఆవిడా వెంట బస్సెక్కింది.

హేమశ్రీ ఎక్స్‌రే తీసింది. పళ్లను తట్టి చూసింది.

“రాళ్లలా ఉన్నాయి, లూయిస్ గారూ. పెట్టిన ఎముక మొత్తం మీ ఎముకలో కలిసిపోయింది. ఎందుకంత కంగారు పడ్డారు?”

లూయిస్ తల దించుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు.

“మీ మాట తప్పానండి. ట్రంపెట్ ఊదాను. ఒక్క పాటేనండి, మావాడి కోసం. క్షమించాలి.”

డాక్టరు అర్థం కానట్టు ఆయన్ని చూసింది. తర్వాత ఆరోగ్యమ్మను చూసింది. ఏదో అనబోయింది.

అంతలో కుర్చీ వెనక నిలబడ్డ ఆరోగ్యమ్మ మొగుడి భుజం పట్టుకుంది.

“తప్పు మీది కాదండి, నాది. డాక్టరమ్మ ఊదొద్దన్నది ఆర్నెల్లే.”