నున్నటి గీత

"నువ్వు కొన్నది స్కోపు కాదు బావా, నీ తప్పుల మీద కప్పుకోడానికి దుప్పటి."

కరెంటు ఒడిదుడుకుల్ని తెర మీద గీతగా చూపే ఆ కొత్త స్కోపు తాలూకు ప్రోబు తీగను మరదలు బల్ల మీద పడేసింది. బావ చేతిలో టీ గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. లిఫ్టులకు బ్రేకు బోర్డులు తయారుచేసే ఆ రెండు గదుల వర్క్‌షాపుకి అతను యజమాని. బోర్డు గడప దాటేముందు పరీక్షించి ముద్ర వేసే పని ఆమెది. బ్రేకు ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది ఆ బోర్డే. అది తడబడితే లోపల మనుషులతో సహా లిఫ్టు జారుతుంది.

"ఏంటే ఈ గోల? దానికేం తక్కువైంది?" అన్నాడు బావ. "నాలుగు ఛానెళ్ళు, పలకంత తెర, రంగురంగుల గీతలు. పెన్‌డ్రైవు పెడితే బొమ్మ దిగుతుంది. పాత స్కోపుని ఇద్దరు పట్టి ఎత్తాలి. దీన్ని చంకలో పెట్టుకుపోవచ్చు. ఈ ధరకి ఇంకెవడిస్తాడు?"

"ఎవడూ ఇవ్వడు, అందుకే ఇలా ఏడ్చింది. ఫ్యాను వింటున్నావా? పిండిమర పక్కన కాపురం పెట్టినట్టుంది. నాలుగు ఛానెళ్ళూ వేస్తే బిగుసుకుపోతుంది. నాబు ఒక మెట్టు తిప్పితే రెండు మెట్లు గెంతుతుంది. అవన్నీ భరిస్తాను. చవకదానికి ఆ మాత్రం తిక్క ఉంటుంది. అబద్ధం చెబితే మాత్రం ఊరుకోను."

"యంత్రం అబద్ధం చెబుతుందా, నీ మొహం."

"చెప్పించేవాడుంటే చెబుతుంది. ఇటు రా."

బల్ల మీదున్న కొత్త బోర్డుకి ప్రోబు తగిలించింది. తెర మీద పసుపు గీత ఇస్త్రీ చేసినట్టు నున్నగా సాగింది.

"ఎలా ఉంది?"

"దివ్యంగా ఉంది."

మెనూలోకి వెళ్ళి ఒక మీట నొక్కింది. నున్నటి గీతకి ఒక్కసారిగా ముళ్ళు మొలిచాయి. ఉండుండి ఒకటి నిలువునా లేచి మాయమవుతోంది.

"ఇందాక నువ్వు చూసింది సగటు బావా. పదహారుసార్లు చూసి, అన్నీ కలిపి ఒక గీత గీస్తుంది. ఒక్కసారే లేచే ముల్లు అందులో కరిగిపోతుంది. పదహారుమందిలో ఒకడు చచ్చినా సగటున అందరూ బతికే ఉన్నారన్నట్టు. నేను ఆ సగటును తీసేసి ఇంటికెళ్తాను. మర్నాడు స్విచ్చి వేస్తే మళ్ళీ సగటులోనే లేస్తుంది. అలా లేచేలా పెట్టిందెవరు?"

"షాపువాడు పెట్టి ఉంటాడు. ఆ ముళ్ళు స్కోపు సొంత రొదే పిల్లా. చవకదని నువ్వే అన్నావుగా. లోపలి పవర్ సప్లై, ఆ ఫ్యాను, అన్నీ కలిసి చేసే గోల అది. కంటికి అడ్డం రాకుండా వాడు సర్ది ఇచ్చాడు."

ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉంది. ప్రోబును బోర్డు మీంచి తీసి, దాని మొనను దాని ఎర్తు క్లిప్పుకే తగిలించింది.

"ఇప్పుడు దీనికి నీ బోర్డుతో సంబంధం లేదు. సొంత రొదైతే ముళ్ళు ఇప్పుడూ రావాలి."

గీత మీద సన్నటి నూగు కనబడింది. ముల్లు ఒక్కటీ లేదు. ప్రోబు మళ్ళీ బోర్డుకి పెట్టింది. ముళ్ళు లేచాయి.

"నూగు స్కోపుది. ముల్లు నీ బోర్డుది. ముళ్ళను మింగే కెపాసిటర్లు మార్చి చవకవి వేశావు కదూ?"

"మారిస్తే? ఒక్క కెపాసిటరుకి కొంపలంటుకుంటాయా?"

"ఇవే కెపాసిటర్లతో, ఆ నున్నటి గీత మీద పొద్దున వెళ్ళిన బోర్డు ఎక్కడికి?"

"కాన్పుల ఆసుపత్రికి. మీ అక్క ఫిట్టరుతో కలిసి వెళ్ళింది, సంతకం పెట్టించుకుని వస్తుంది. ఈపాటికి బిగించేసి ఉంటారు."

"వెనక్కి తెప్పించు. ఆ ముల్లు లేచినప్పుడు బ్రేకు వదిలేయొచ్చు."

"ఏమని తెప్పించను? మా మరదలికి గీత నచ్చలేదనా? నా బోర్డు సంగతి నాకు తెలుసు. నిండు గర్భిణిని ఎక్కించినా భయం లేదు. నోరు మూసుకుని ఈ బోర్డుకీ ముద్ర వెయ్యి."

"వెయ్యను."

"వెయ్యకపోతే నేనే వేసుకుంటాను."

ఫోను మోగింది. ఫిట్టరు. బావ స్పీకరు నొక్కి ఫోనును బల్ల మీద పెట్టాడు.

"బిగించేశాం సార్. మీరు బయల్దేరారా?"

వాళ్ళ పనిలో ఒక కట్టుబాటుంది. కొత్త బోర్డు బిగించాక మొదట లిఫ్టు ఎక్కేది దాన్ని తయారుచేసినవాడే. అతను పైకెళ్ళి కిందికి దిగేదాకా ఇంకెవరూ లోపల కాలు పెట్టరు. బావ ఏనాడూ ఆ ముచ్చట వదులుకోలేదు.

"ఇవాళ మోకాలు పట్టేసిందయ్యా. నువ్వే కానిచ్చెయ్."

మరదలు అతని మోకాళ్ళ వంక చూసింది. పొద్దుట్నుంచీ గదంతా కలియదిరుగుతున్న కాళ్ళే అవి.

"నేను బయటుండి ప్యానెల్ చూసుకోవాలి కదండీ," అన్నాడు ఫిట్టరు. "పర్లేదు సార్, మీ బదులు మేడం ఎక్కుతానంటున్నారు. ఇదిగో, లోపలికి వెళ్తున్నారు."

టీ గ్లాసు నేల మీద పడి పగిలింది.

"దింపు. దాన్ని బయటికి లాగు. మెట్ల మీద వెళ్ళమను," బావ గొంతు చించుకున్నాడు.

అవతల నుంచి, "దిగారండీ. ఏమైంది సార్?" అని వినబడింది.

మరదలు బల్ల మీది ఫోను తీసి బావ చేతిలో పెట్టింది.

"నీ పెళ్ళానికి చెప్పిన మాటే, ఇప్పుడే, నీ నోటితోనే, మన బోర్డున్న ప్రతి లిఫ్టువాళ్ళకీ చెప్పు."